పునఃప్రవేశ దినాన నచికేతుని తొలి వరం

ఆంధ్రప్రదేశ్‌లో వేసవి సెలవులు ముగిసి సాధారణంగా జూన్ 12 ప్రాంతంలో పాఠశాలలు తెరుచుకుంటాయి. దానికి ముందరి పక్షం రోజులు తిరుపతిలో ఒక ప్రత్యేకమైన రద్దీ కనబడుతుంది. తల్లిదండ్రుల వెంట అలిపిరి నుండి 3,550 మెట్లు ఎక్కి, కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించి, గంధం పూసిన గుండ్లతో కొండ దిగివచ్చే బాలురు ఎందరో. మరునాడు కాణిపాకం. అక్కడ వరసిద్ధి వినాయకుని ఎదుట కుమారుని నిలబెట్టి, "ఈ యేడు ఫోను ముట్టను, మంచి ర్యాంకు తెస్తాను" అని ప్రమాణం చేయించే తండ్రులూ ఉన్నారు. సత్యప్రమాణాలకు ప్రసిద్ధమైన సన్నిధి అది. పదమూడేళ్ల పసివాని భుజాలమీద ఆ మాట ఎంత బరువై కూర్చుంటుందో ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. మూడవ నాటికి ట్రంకుపెట్టె, బకెట్టు, పరుపుచుట్ట సిద్ధమవుతాయి. వసతిగృహపు ద్వారం వద్ద చివరి ఉపదేశం ఒక్కటే వినబడుతుంది: "భయభక్తులతో చదువుకో నాయనా."

మొక్కులో దోషం లేదు. తలనీలాలలోనూ లేదు. ఆ మూడు రోజులలో ఆ బాలుణ్ణి ఒక్కరైనా "బడికి పోవాలంటే నీకు ఎట్లా ఉంది?" అని అడగకపోవడంలో ఉన్నది. రాత్రి నిద్ర పట్టక పొర్లిన సంగతి, ఉదయం అన్నం సహించని సంగతి తల్లి గమనించియే ఉంటుంది. దానికి దిష్టి తీస్తారు. దిష్టి తీయడం తప్పు కాదు గాని, అడగడానికి అది ప్రత్యామ్నాయం కాజాలదు.

'భయభక్తులు' అనే సమాసాన్ని తెలుగువారు ఎంత అలవోకగా వాడుతున్నారో, అంత అనాలోచితంగానూ వాడుతున్నారు. భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పిన భక్తి తొమ్మిది విధాలు. శ్రవణం నుండి ఆత్మనివేదనం వరకు ఆ జాబితాలో భయానికి చోటు లేదు. భయం వలన భగవంతుని చేరినవాడు ఒకడున్నాడని అదే సప్తమస్కంధంలో నారదుడు ధర్మరాజుతో అంటాడు; ఆ చేరినవాడు కంసుడు. తమ సంతానానికి కంసమార్గమే శ్రేయస్కరమని భావించేవారితో వాదం అనవసరం.

అంతకంటె సూక్ష్మమైన విషయం తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో ఉన్నది. స్నాతకునికి ఆచార్యుడు చేసే అనుశాసనంలో దానం ఎట్లా ఇవ్వాలో చెప్పబడినది: శ్రద్ధతో ఇవ్వాలి, అశ్రద్ధతో ఇవ్వరాదు, సిగ్గుపడుతూ ఇవ్వాలి, భయపడుతూ ఇవ్వాలి. ఇక్కడ భయం విధింపబడినది ఎవరికి? ఇచ్చేవానికి. పుచ్చుకొనేవానికి కాదు. విద్యాదానం దానాలలో శ్రేష్ఠమని వేదికలమీద ఉద్ఘోషించే సంస్థలు ఈ వాక్యపు తాత్పర్యాన్ని తమకు అన్వయించుకుంటే, తరగతిగదిలోకి అడుగుపెట్టే క్షణాన గుండె దడదడలాడవలసినది అధ్యాపకునికి. నలభై మంది పిల్లల మనస్సులు తన చేతిలో ఉన్నవన్న భయం అది. ఆ భయమంతా మూటగట్టి పిల్లలకే అప్పగించడం ఏ శాస్త్రసమ్మతం?

సెలవు తరువాత తిరిగి చదువు మొదలుపెట్టడం ఒక మానసిక క్లేశమని ఇప్పుడు మానసికశాస్త్రజ్ఞులు చెబితే, అది పాశ్చాత్యుల సుకుమారమని సంప్రదాయవాదులు కొందరు పరిహసిస్తారు. వారు తమ ఇంటి పంచాంగాన్ని ఒకసారి తెరచి చూడవలసినది. వేదాధ్యయనానికి ఒక విద్యాసంవత్సరం ఉండేది. శ్రావణ పూర్ణిమనాడు ఉపాకర్మతో అది ఆరంభమై, నాలుగున్నర నెలల తరువాత పుష్యమాసంలో ఉత్సర్జనతో ముగిసేదని మనుస్మృతి. నడుమ పాడ్యమి, అష్టమి, చతుర్దశి మొదలైన తిథులు అనధ్యయనాలు. ఉరుము ఉరిమినా ఆ రోజు పాఠం లేదు. అంటే విరామం చదువుకు శత్రువని ఆ ఋషులు అనుకోలేదు. విరామానంతరం జరిగే పునరారంభానికి మాత్రం ప్రత్యేకమైన ఒక కర్మను విధించారు. జంధ్యాల పూర్ణిమ అనే పేరుతో ఆ కర్మ నేడు యజ్ఞోపవీతం మార్చుకొనే అరగంట కార్యక్రమంగా మిగిలిపోయినది. దాని హృదయం మరుగునపడినది.

ఆ హృదయం ఏమిటంటే, గురువు, శిష్యుడు కలిసి కూర్చుంటారు. శిష్యుడొక్కడే కాదు, ఆచార్యుడు కూడా ఉపాకర్మ చేస్తాడు. ఋషులకు ఇద్దరూ తర్పణం విడుస్తారు. తరువాత వేదారంభం. ఎంతటి ఘనపాఠి అయినా ఆనాడు మొదటి అక్షరానికి తిరిగి వస్తాడు. 'నువ్వు ఎక్కడ ఆగిపోయావు, ఎంత మరచిపోయావు' అనే ప్రశ్న ఎవరినీ అడగరు. అందరూ మొదటి మంత్రమే పలుకుతారు. దక్షిణదేశపు యజుర్వేదులు ఆ ఉదయం కామోకార్షీత్ జపం చేస్తారు. పుష్యమాసంలో చేయవలసిన ఉత్సర్జన చేయకపోయిన లోపానికి అది ప్రాయశ్చిత్తం. ఆ జపపు భావం విచిత్రమైనది: ఆ లోపం చేసినది కామం, చేసినది మన్యువు. చేసినవాణ్ణి 'నువ్వు చెడ్డవాడివి' అని ముద్ర వేయకుండా, దోషాన్ని దోషంగా పేరు పెట్టి పక్కకు తీసి, మనిషిని పాఠానికి శుద్ధునిగా కూర్చోబెట్టడం అందులోని మర్మం. బడి తెరిచిన మొదటి సోమవారమే పరీక్ష పెట్టి, సాయంత్రానికి మార్కులవారీగా పిల్లలను విభాగాలుగా పంచే నేటి సంస్థలు ఏ మర్మాన్ని పాటిస్తున్నాయి?

ఆ ఉపాకర్మ గౌరవం శతాబ్దాలపాటు కొన్ని కులాలకు, అందునా మగపిల్లలకే పరిమితమైనదన్న సత్యాన్ని దాచడం సంప్రదాయ గౌరవం అనిపించుకోదు. ఇప్పుడు బడి అందరిది. కాబట్టి ఆ మొదటిరోజు మర్యాద కూడా అందరికీ చెందవలసినది. బాగుపడవలసిన పద్ధతిని బాగుచేయకుండా, అందులోని కాఠిన్యాన్ని మాత్రం అందరికీ సమానంగా పంచడం ఎటువంటి సమత?

2020 మార్చిలో మహమ్మారి వలన మూతబడిన బడులు ఈ రాష్ట్రంలో తొమ్మిది, పది తరగతులకు అదే యేడు నవంబరు 2న తెరుచుకున్నాయి. మళ్లీ మూతబడి 2021 ఆగస్టు 16న తెరుచుకున్నాయి. ఒక తరానికి అంత దీర్ఘమైన అనధ్యయనం సంభవించినది. తిరిగి వచ్చిన పిల్లలకు మొదట ఎదురైనవి మాస్కులు, ఉష్ణమాపకాలు; ఆ వెంటనే వెనుకబడిన పాఠాల లెక్క. ఇంట్లో తాతను పోగొట్టుకొని వచ్చినవాడు, తండ్రికి కూలి పోగా పస్తులుండి వచ్చినవాడు, ఊరికే భయపడి వచ్చినవాడు ఒకే వరుసలో నిలబడ్డారు.

మదనపల్లె చిరకాలం చిత్తూరు జిల్లాలో ఉన్న పట్టణం. 1895 మే నెలలో అక్కడ జన్మించిన ఒక బాలుని కథ ఈ సందర్భంలో ప్రతి తండ్రీ తెలుసుకోదగినది. ఆ బాలునికి చలిజ్వరం తరచు తిరగబెట్టి చదువు సరిగా సాగలేదు. పదేళ్ల వయసులో తల్లి సంజీవమ్మ గతించినది. 1909లో తండ్రి నారాయణయ్యతో కలిసి మద్రాసు అడయారుకు చేరాడు. అక్కడి బడిలో పాఠం అప్పగించలేదని దెబ్బలు, వసారాలో నిలబెట్టడం నిత్యకృత్యం. మందమతి అని గురువుల తీర్మానం. బయట నిలబెట్టినవాణ్ణి పంతులు మరచిపోతే, తమ్ముడు నిత్యానంద చేయి పట్టుకొని ఇంటికి తీసుకువచ్చేవాడని ఆయన జీవితచరిత్రలు చెబుతున్నాయి. ఆ వసారాలో నిలబడ్డ పిల్లవాడే జిడ్డు కృష్ణమూర్తి.

"మమ్మల్ని కొట్టారు కాబట్టే ఇంతవాళ్లమయ్యాము" అని వాదించే పెద్దలు ఈ ఉదాహరణను తమ పక్షాన వాడుకోలేరు. దెబ్బలు ఆయనకు ఏమీ నేర్పలేదు. ఆ బడి మానిపించిన తరువాతనే ఆయన చదువు, ఆరోగ్యం దారికి వచ్చాయి. ఆయన పెద్దయి గురుత్వాన్నే నిరాకరించారు, వేదాంతులలో పలువురికి అది రుచించదు. ఆ వివాదం వేరు. విద్యను గూర్చి మాత్రం ఆయన జీవితమంతా ఒక్క మాట మీద నిలిచారు: భయం ఉన్నచోట గ్రహణం లేదు. 1926లో మదనపల్లెకు సమీపాన పునాది పడిన ఋషీవ్యాలీ విద్యాసంస్థ ఆ మాటకు రూపం.

అయితే ఇక్కడ చెప్పదగినది ఆ సంస్థలోని పెద్ద బడి గురించి కాదు; అక్కడ చదివించే స్తోమత ఎందరికి ఉన్నది? దాని చుట్టుపక్కల పల్లెలలో 1980 దశకం చివరినుండి అదే సంస్థ నడిపిన చిన్నచిన్న ఏకోపాధ్యాయ పాఠశాలల సంగతి చెప్పాలి. అక్కడి పిల్లలు వేరుశనగ పీకే రోజులలో చేలలో ఉంటారు, గొర్రెల వెంట పోతారు, చెల్లెలిని ఎత్తుకొని ఇంట్లో ఉండిపోతారు. మామూలు బడిలో అట్టి పిల్లవాడు పది రోజుల తరువాత వస్తే, పాఠం అతణ్ణి దాటి పోయి ఉంటుంది. వాడు వెనుక బల్లమీద కూర్చొని అర్థం కాని మాటలు కొన్నాళ్లు విని, ఒకనాడు రావడం మానేస్తాడు. అతడు బడి మానేశాడని రికార్డులో వ్రాస్తారు. బడి అతణ్ణి మానేసినదని ఎక్కడా వ్రాయరు.

ఆ పల్లెబడులలో పాఠాన్ని చిన్నచిన్న మెట్లుగా విడదీసి, ఒక్కొక్క మెట్టుకు బొమ్మ గుర్తు వేసిన కార్డులు తయారుచేశారు. గోడమీద ఒక నిచ్చెన పటం. ప్రతి పిల్లకూ తాను ఏ మెట్టు మీద ఉన్నదో తెలుసు. పది రోజులు రాకపోతే, పదకొండవనాడు వచ్చి, గోడను చూసి, తన గుర్తున్న కార్డు తీసుకొని, తాను విడిచిన చోటనే కూర్చుంటుంది. ఎవరూ దండించరు, ఎవరూ నవ్వరు. పక్కన ఉన్న పిల్ల ఇంకొక మెట్టు మీద ఉన్నది కాబట్టి పోల్చడానికి తావే లేదు. కర్ణాటకలో 'నలి కలి', తమిళనాట కృత్యాధార బోధన అనే పేర్లతో వేలాది ప్రభుత్వ పాఠశాలలకు పోయిన పద్ధతికి మూలం ఈ రాయలసీమ పల్లెలే. తిరుపతిలో ఆత్మవిశ్వాసం మీద ఉపన్యాసాలు ఇప్పించే నిర్వాహకులు వంద మైళ్ల లోపు దూరంలో ఉన్న ఈ గోడపటాన్ని ఒకసారి చూసివస్తే బాగుండును.

ఆ ఉపన్యాసాల ధోరణి అందరికీ తెలిసినదే. జూన్ నెలాఖరున ఒక వక్త వస్తాడు. 'నేను చేయగలను' అని వెయ్యి మంది పిల్లలచేత చేతులెత్తించి అరిపిస్తాడు. వివేకానందుని పేరు రెండుసార్లు, కలాం పేరు మూడుసార్లు వినబడుతుంది. పిల్లలు హాయిగా అరుస్తారు, ఎందుకంటే ఆ గంటసేపు లెక్కల పాఠం ఉండదు. మరునాడు అదే సభామందిరం గోడకు ర్యాంకుల పట్టిక అతికిస్తారు. నిన్న అరిపించిన మాటకు నేడు అతికించిన కాగితం ప్రత్యుత్తరం.

ఇక్కడ వేదాంతుల పక్షాన ఒక గట్టి ఆక్షేపం ఉన్నది. ఆత్మ నిత్యపూర్ణమైనది కదా, దానికి ఇంకొకరు విశ్వాసం కలిగించడమేమిటి? పిల్లలలో 'నేను, నేను' అనే అహంకారాన్ని పెంచడం తత్త్వవిరుద్ధం కాదా? ఈ ప్రశ్న అడిగేవారికి కఠోపనిషత్తే సమాధానం చెబుతున్నది. బక్కచిక్కిన ఆవులను దానమిస్తున్న తండ్రిని చూసిన నచికేతునిలో, ఇంకా కుమారునిగా ఉండగానే, శ్రద్ధ ప్రవేశించినది. తండ్రి కోపించి మృత్యువుకు ఇస్తానన్నాడు. అప్పుడు ఆ బాలుడు తనలో తాను వేసుకున్న లెక్క ఆశ్చర్యకరం: అనేకులలో తాను మొదటివాడు, అనేకులలో నడిమివాడు. నడిమివాడనని ఒప్పుకోవడానికి అతనికి సిగ్గు లేదు. ప్రథముడు కాకపోతే బ్రతుకు వ్యర్థమనే భావన ఆ బుద్ధిలో లేదు. అది అహంకారం కాదు. తనను తాను ఉన్నది ఉన్నట్లు చూడగలగడం; శంకరులు శ్రద్ధకు ఆస్తిక్యబుద్ధి అని అర్థం చెప్పినప్పుడు ఈ 'ఉన్నది' అనే నిలకడ అందులో ఇమిడి ఉన్నది. ర్యాంకుపట్టిక నాశనం చేసేది సరిగ్గా ఈ నిలకడనే. అది నడిమివానికి నడుమ నిలబడే చోటు మిగల్చదు.

యముని ఇంటివద్ద ఏమి జరిగినదో కూడా చూడాలి. ఆ బాలుడు మూడు రాత్రులు అన్నం లేకుండా వాకిట వేచి ఉన్నాడు. తిరిగివచ్చిన యముడు, సాక్షాత్తు మృత్యుదేవత, తన వలన జరిగిన అపచారానికి నమస్కరించి, రాత్రికొకటి చొప్పున మూడు వరాలిచ్చాడు. పాఠం ఆ తరువాత మొదలైనది. ఆ పిల్లవాని ఎదుట తగ్గడానికి యమధర్మరాజుకు అడ్డురాని గౌరవం, నేటి అధ్యాపకునికి ఎందుకు అడ్డువస్తున్నదో!

ఇక ఆ మొదటి వరం. అగ్నివిద్య రెండవది, ఆత్మవిద్య మూడవది. వాటికంటె ముందు నచికేతుడు కోరినది ఒక ఇంటి విషయం: తాను తిరిగి వెళ్లేటప్పటికి తండ్రి కోపం చల్లారి ఉండాలి, తనను గుర్తుపట్టి పలకరించాలి, రాత్రులు తండ్రి సుఖంగా నిద్రపోవాలి. బ్రహ్మజ్ఞానానికి అర్హుడైన బాలునికి సైతం ఇంటివద్ద లభించే ఆ పలకరింపు నిశ్చయం కాకపోతే తత్త్వం మీద మనస్సు నిలవలేదు. వ్యాఖ్యానకారులు దీనిని పితృభక్తిగా వివరించారు. అందులో ఒక బాలుని బెంగ కూడా ఉన్నది.

ఆదివారం నాడు వసతి కళాశాలల ఆవరణలో చెట్ల కింద దుప్పటి పరచి, ఇంటినుండి తెచ్చిన పులిహోర, ఊరబిండి, గారెలు విప్పే కుటుంబాలు ఎన్నో. తల్లి వడ్డిస్తూ ఉంటుంది. తండ్రి మొదటి ప్రశ్న: "ఈ వారం టెస్టులో ఎంత?" భాగవతంలో ఈ ప్రశ్న అడిగిన తండ్రి ఒకడున్నాడు. చండామార్కుల బడినుండి వచ్చిన కుమారుణ్ణి తొడమీద కూర్చోబెట్టుకొని, ఏమి చదివావని ముద్దుగా అడిగి, సమాధానం నచ్చక కింద పడద్రోసినవాడు. పోతన పుణ్యమా అని ఆ ఘట్టం తెలియని తెలుగు ఇల్లు లేదు. ప్రతి తండ్రీ తనను ప్రహ్లాదుని పక్షంలోనే ఊహించుకుంటాడు. ఆ చెట్టు కింద తాను కూర్చున్న ఆసనం ఎవరిదో గమనించడు.

గురుకులాలలో మాత్రం దండన లేదా అని అడగవచ్చు. ఉన్నది. దాచవలసిన పని లేదు. గౌతమధర్మసూత్రం శిష్యుణ్ణి కొట్టకుండానే దిద్దాలని మొదట విధించి, అసాధ్యమైతే సన్నని తాడు, వెదురుబద్ద అన్నది; అంతకు మించినదానితో కొట్టిన గురువును రాజు శిక్షించాలని వెంటనే చేర్చినది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ విభాగం ఆ సన్నని తాడును కూడా తీసివేసి, శారీరక దండనతో పాటు మానసిక వేధింపును నిషేధించినది. ధర్మసూత్రం నడచిన దిక్కుకే చట్టం ఇంకొక అడుగు వేసినది. అర్జునుణ్ణి కృష్ణుడు మందలించలేదా అని మరికొందరు అంటారు. నోరు ఎండిపోయి, అవయవాలు వణకి, విల్లు జారిన ఆ స్నేహితుణ్ణి ఆయన మందలించినది రెండు శ్లోకాలలో. ఆ తరువాత పదిహేడు అధ్యాయాలు ప్రశ్నకు ప్రశ్నగా బదులిచ్చి, చివర నీకు తోచినట్లు చేయమన్నాడు. రథం దిగిపోలేదు. రెండు శ్లోకాలను మాత్రం కంఠస్థం చేసి పిల్లలమీద ప్రయోగించేవారు మిగిలిన గీతను చదవలేదని అర్థం.

'ప్రారబ్ధం' అనే మాట ఇంకొక ఆయుధం. పిల్లవాడు ఏడుస్తున్నాడా, ప్రారబ్ధం. మార్కులు తగ్గాయా, గ్రహస్థితి. మాట్లాడటం మానేశాడా, శని. ప్రారబ్ధ విచారం తన దుఃఖాన్ని తాను ఓర్చుకోవడానికి పనికివచ్చే సాధన. ఎదుటివాని దుఃఖాన్ని వినకుండా తప్పించుకోవడానికి దానిని వాడటం ఆ సిద్ధాంతానికే అవమానం. నిద్ర లేమి, ఆకలి మందగించడం, బడిరోజున మాత్రమే వచ్చే కడుపునొప్పి, ఇష్టమైన ఆట మానివేయడం, 'నేను లేకుంటే మేలు' వంటి మాట: వీటికి వైద్యసహాయం ఉన్నది. ఆ చివరి మాట విన్నప్పుడు ముహూర్తం చూడకూడదు, పిల్లను ఒంటరిగా విడవకూడదు. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ఆరంభించిన టెలీమానస్ సేవ 14416 సంఖ్యకు ఉచితంగా ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడుతుంది. బాలల సహాయానికి 1098 ఉన్నది. పంచాంగం వ్రేలాడే మేకుకే ఆ రెండు సంఖ్యలూ వ్రాసిన కాగితం తగిలించవచ్చు.

విశాఖపట్నంలో శిక్షణకు చేరిన ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన వ్యాజ్యంలో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు విధించినది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన సలహాదారు ఉండాలి, మార్కులనుబట్టి పిల్లలను విభాగాలుగా వేరుచేయరాదు, నలుగురిలో అవమానించరాదు, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టరాదు, సహాయ సంఖ్యలు వసతిగృహాలలో, తరగతులలో కనబడేటట్లు వ్రాయాలి. ఆంధ్రదేశంలో సంభవించిన ఒక మరణపు శోకం నుండి పుట్టిన ఆదేశం ఇది. తిరుపతి, చిత్తూరు పట్టణాలలో పిల్లలను చేర్చే ప్రతి తండ్రికీ రుసుము చెల్లించే బల్ల వద్దనే ఈ అయిదింటినీ గూర్చి అడిగే అధికారం ఉన్నది. ఫలహారశాల శుభ్రత గూర్చి, స్నానాల గదులకు వేడినీళ్ల గూర్చి ఎంతో నిశితంగా ప్రశ్నించేవారు దీనిని గూర్చి మౌనం వహించడం చోద్యం.

బడులు చేయవలసినది కూడా గహనమైనదేమీ కాదు. మొదటి వారం పరీక్ష వద్దు. సెలవులలో ఏమి జరిగినదో చెప్పనివ్వాలి, చెప్పడం ఇష్టం లేనివారిని చెప్పమనరాదు. పోయినయేటి పాఠంలో అందరికీ వచ్చినదానితోనే మొదలుపెట్టాలి, ఉపాకర్మనాడు ఘనపాఠి మొదటి మంత్రం పలికినట్లు. కొత్తగా చేరినవాని పక్కన ఒక పాతవాణ్ణి కూర్చోబెట్టాలి. శీక్షావల్లిలో ఆచార్యుడు హోమం చేస్తూ, నీళ్లు పల్లానికి ప్రవహించినట్లు, మాసాలు సంవత్సరంలో చేరినట్లు బ్రహ్మచారులు అన్ని దిక్కులనుండి తనవద్దకు రావాలని ప్రార్థిస్తాడు. శిష్యులు రావాలని ఎదురుచూసేవాడు ఆయన. జూన్ 12 ఉదయం వాకిట నిలబడి పిల్లలను పేరుపెట్టి పిలిచే ప్రధానోపాధ్యాయుడు ఆ హోమం చేసినట్లే.

కాణిపాకంలో ప్రమాణం మానవలసిన పని కూడా లేదు. చేసేవారు మారితే చాలు. వచ్చే జూన్‌లో ఆ సన్నిధిలో పిల్లవాణ్ణి పక్కన నిలబెట్టుకొని తండ్రి చేయి చాచాలి: ఈ యేడు ఆదివారం చెట్టు కింద కూర్చున్నప్పుడు తన మొదటి ప్రశ్న మార్కులను గూర్చి ఉండదని, "అన్నం తింటున్నావా, నిద్ర పడుతున్నదా, ఎవరైనా బాధపెడుతున్నారా" అని అడుగుతానని, ఇంటికి వచ్చేస్తానని పిల్లవాడు అంటే కోపించకుండా పూర్తిగా వింటానని. పిల్లవాడు ఆ మాటలు విని, తలమీద గంధం ఆరుతుండగా, తీర్థం పుచ్చుకొని బయటికి నడుస్తాడు.